షిఫ్టు బస్సు కదిలేలోగా

తెల్లవారుజామున అయిదు దాటితే చాలు, హైదరాబాద్ శివార్లలో అల్వాల్ నుంచి తూంకుంట దాకా రాజీవ్ రహదారి పక్కన చిన్న చిన్న గుంపులు కనిపిస్తాయి. మెడలో ఐడీ కార్డు, చేతిలో టిఫిన్ సంచి. కంపెనీ బస్సు వచ్చి ఆగుతుంది, నలుగురైదుగురిని ఎక్కించుకుని శామీర్‌పేట వైపు సాగిపోతుంది. దారిలో హకీంపేట దగ్గర ఒకవైపు క్రీడా పాఠశాల, ఇంకోవైపు సీఐఎస్‌ఎఫ్ జవాన్లకు శిక్షణ ఇచ్చే అకాడమీ. పరుగెత్తడమే చదువుగా, పనిగా ఉన్న చోట్లవి. వాటి ముందు నుంచే బస్సు వెళ్తుంది. లోపలి వాళ్ళు కిటికీకి తల ఆనించి, మిగిలిన నిద్రను ముక్కలుగా పూర్తిచేసుకుంటూ ఉంటారు. ఆరింటికి మొదటి షిఫ్టు. మధ్యాహ్నం రెండు దాటాక అదే బస్సు వాళ్ళను వెనక్కి తెస్తుంది.

‘రోజూ కాస్త ఎక్సర్‌సైజు చేయండి’ అని డాక్టరు చెప్పడం వీళ్ళలో చాలామంది విన్నారు. ఎప్పుడు చేయాలన్నదే తేలదు. నాలుగింటికి లేచి వంట చేసి, పిల్లల డబ్బాలు సర్ది, బస్సు అందుకునే మనిషికి పొద్దున వీలుకాదు. ఇల్లు చేరాక బట్టలు, నీళ్ళు, రాత్రి వంట. రోజుకు ఇరవై నాలుగు గంటల్లో పని, ప్రయాణం, ఇల్లు, నిద్ర పోగా మిగిలేది చాలా కొంచెం. అందుకే వ్యాయామం పనిచోటులోనే, అదీ షిఫ్టులోపలే దొరకాలని నేను నమ్ముతున్నాను. ఆ నమ్మకానికి ఆధారాలు డెబ్భై ఏళ్ళ పరిశోధనలో ఉన్నాయి.

ముందు ఈ ప్రాంతం సంగతి. శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ అనే బయోటెక్ పారిశ్రామిక ప్రాంతం. 1999లో మొదలైంది. కొవాగ్జిన్ టీకాను భారత్ బయోటెక్ తయారుచేసింది ఇక్కడే. పడమటి వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్. దాని పక్కనే అత్వెల్లిలో కార్ఖానా పెట్టిన శాంతా బయోటెక్నిక్స్, దేశంలో మొట్టమొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను 1997లో మార్కెట్లోకి తెచ్చింది. గుండ్లపోచంపల్లిలో దుస్తులు కుట్టే అపెరల్ పార్కు ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక దాని చుట్టూ గోదాములు లేచాయి. ఎక్కడెక్కడి పిల్లలకో రోగం రాకుండా కాపాడే టీకాలు ఈ రెండు రోడ్ల మధ్య పుడుతున్నాయి. వాటిని సీసాల్లో నింపి, మూత బిగించి, పెట్టెల్లో సర్దే మనుషులకు షుగరు, బీపీ, నడుంనొప్పి రాకుండా కాపాడేది ఏమిటన్నది నా ప్రశ్న. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో లెక్క తేల్చింది. మన పెద్దవాళ్ళలో దాదాపు సగం మంది శరీరానికి కావలసినంత కదలడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సంవత్సరానికి వేసిన అంచనా.

పనికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని మొదటిసారి అంకెల్లో పట్టుకున్నవాడు జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండులో గుండెపోట్లు పెరుగుతున్నాయి. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. మోరిస్ లండన్ డబుల్ డెక్కర్ బస్సులను ఎంచుకున్నాడు. ఒకే బస్సు, ఒకే సంస్థ, దాదాపు ఒకే జీతం, ఒకే రకం ఇళ్ళు. తేడా ఒక్కటే. డ్రైవరు డ్యూటీ అంతా సీటులో కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ కిందికీ మీదికీ రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. సుమారు 31 వేల మంది రవాణా కార్మికుల వివరాలు చూసి 1953లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితం ప్రచురించాడు. కండక్టర్లలో గుండెజబ్బు డ్రైవర్ల కంటే తక్కువగా ఉంది. వచ్చినా ఆలస్యంగా వచ్చింది, అంత తీవ్రంగా లేదు. మెట్లెక్కడం వ్యాయామమని ఆ కండక్టర్లలో ఎవరూ అనుకుని ఉండరు. అది వాళ్ళ డ్యూటీలో భాగం. జీతం ఇచ్చే గంటల్లోనే వాళ్ళ గుండెకు కావలసింది అందింది.

మోరిస్ అక్కడితో ఆగలేదు. ఒకవేళ లావుగా ఉన్నవాళ్ళే డ్రైవరు ఉద్యోగానికి వెళ్తున్నారేమో, సన్నటివాళ్ళు కండక్టర్లవుతున్నారేమో అని తనను తానే అనుమానించాడు. దాన్ని తేల్చుకోవడానికి రవాణా సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించాడు. అనుమానం కొంత నిజమే. డ్రైవర్ల నడుములు మొదటి నుంచే లావు. కానీ సన్నటి కండక్టరును సన్నటి డ్రైవరుతో, లావుపాటి కండక్టరును లావుపాటి డ్రైవరుతో పోల్చినా తేడా అలాగే నిలబడింది. దర్జీ పుస్తకంలోని కొలతలతో ఒక వైద్యుడు తన సిద్ధాంతాన్ని తానే పరీక్షకు పెట్టిన ఈ ఘట్టం విజ్ఞాన చరిత్రలో నాకు చాలా ఇష్టమైనది.

ఈ జాగ్రత్తే ఈ రోజు ఉద్యోగుల ఆరోగ్యం గురించి ఆలోచించే ప్రతి కంపెనీకీ కావాలి. ఎందుకో చెప్తాను. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం తన ఉద్యోగులలో దాదాపు 5 వేల మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, ఒక భాగానికి ఆరోగ్య కార్యక్రమం పెట్టింది, రెండో భాగానికి పెట్టలేదు. మామూలుగా లెక్కవేస్తే కార్యక్రమంలో చేరినవాళ్ళు చేరనివాళ్ళ కంటే ఎంతో ఆరోగ్యంగా కనిపించారు. లాటరీ ప్రకారం లెక్కవేస్తే ఆ లాభం దాదాపు మాయమైంది. తేలిందేమిటంటే, ముందు నుంచే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఉత్సాహంగా చేరారు. 2019లో వెలువడిన ఇంకో అధ్యయనం, ఒక పెద్ద దుకాణాల సంస్థలో సుమారు 33 వేల మంది ఉద్యోగుల మీద జరిగింది. ఏడాదిన్నర తర్వాత బరువు, రక్తపోటు, చక్కెర అంకెల్లో తేడా కనబడలేదు. వ్యాయామానికి శక్తి లేదని దీని అర్థం కాదు. ‘వీలున్నవాళ్ళు రండి’ అని పిలిస్తే, అవసరం ఎక్కువగా ఉన్నవాళ్ళు రారని అర్థం.

మన దగ్గర కంపెనీ జిమ్ముల పరిస్థితీ అంతే. ఆఫీసు భవనంలో ఒక గది, రెండు ట్రెడ్‌మిల్లులు, కొన్ని డంబెల్స్, గోడకు అద్దం. షిఫ్టు అయిపోయాక తెరుస్తారు. సొంత బండో కారో ఉన్నవాళ్ళకు అది వరమే. కంపెనీ బస్సులో వచ్చినవాళ్ళకు మాత్రం అది మూసిన గదితో సమానం. బస్సు పది నిమిషాల్లో కదులుతుంది, తప్పిపోతే శామీర్‌పేట చౌరస్తా దాకా ఆటో, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సు. కాంట్రాక్టు కార్మికుల కార్డుకు ఆ గది తలుపు తెరుచుకోకపోతే ఇక మాట్లాడేదే లేదు. చీరతోనో చుడీదారుతోనో వచ్చిన ఆడవాళ్ళు, మేనేజర్లు చూస్తుండగా ట్రెడ్‌మిల్లు ఎక్కరు. డబ్బు యంత్రాల మీద పెట్టి సమయం మీద పెట్టకపోతే జరిగేది ఇదే.

ఇంకో సంగతి ఉంది. పనిచోటు ఒకటే అయినా అక్కడి శరీరాలు ఒకటి కావు. ఏ పని ఏ కండరాన్ని అలసటకు గురిచేస్తుందో, దేన్ని నిద్రపుచ్చుతుందో చూసి, దానికి విరుగుడుగా వ్యాయామం ఎంచాలి.

మొదట కూర్చునే శరీరం. క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో మైక్రోస్కోపు ముందు, డాక్యుమెంట్ల విభాగంలో కంప్యూటర్ ముందు, అపెరల్ పార్కులో కుట్టుమిషను ముందు గంటల తరబడి కూర్చునేవాళ్ళు. మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలోకి వచ్చాక, దాన్ని ఎక్కువగా తీసుకోవలసింది కండరమే. కండర కణం గోడలో గ్లూకోజు లోపలికి వెళ్ళడానికి చిన్న ద్వారాలు కావాలి. గ్లట్-4 అనే ప్రొటీన్లు ఆ పని చేస్తాయి. మామూలు వేళల్లో అవి కణం లోపల దాగి ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి పిలిస్తే పైకి వస్తాయి. మధుమేహం వైపు జారుతున్న శరీరంలో ఇన్సులిన్ పిలుపు వాటికి సరిగా వినిపించదు. అయితే వాటిని పైకి రప్పించే దారి ఇంకొకటుంది: కండరం ముడుచుకోవడం. నాలుగు అడుగులు వేస్తే, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటే, ఇన్సులిన్‌తో పని లేకుండానే ఆ ద్వారాలు తెరుచుకుంటాయి. ఇన్సులిన్ మొరాయించిన మనిషిలో కూడా ఈ రెండో దారి తెరిచే ఉంటుంది. ప్రకృతి మనకు అట్టేపెట్టిన ఈ దొడ్డిదారి గురించి చదివినప్పుడల్లా నాకు ధైర్యం కలుగుతుంది.

ఇది ఎంత తొందరగా పనిచేస్తుందో ఆస్ట్రేలియాలో డేవిడ్ డన్‌స్టన్ బృందం 2012లో చూపించింది. బరువు ఎక్కువున్న 19 మందిని అయిదు గంటలు కూర్చోబెట్టి ఒక తీపి పానీయం ఇచ్చారు. ఇంకో రోజు అదే పానీయం, అదే కుర్చీ, కాకపోతే ప్రతి 20 నిమిషాలకూ 2 నిమిషాల నడక. మెల్లగా నడిచినా భోజనానంతర చక్కెర పెరుగుదల సుమారు 24 శాతం తగ్గింది. మన క్యాంటీన్ ప్లేటులో అన్నమే ప్రధానం కదా. అందుకే కంపెనీ ప్రాంగణంలో ఒక్కటే ఒక్క మార్పు చేయమని నన్నడిగితే, క్యాంటీన్ తలుపు నుంచి మొదలై తిరిగి డిపార్టుమెంటు దగ్గర తేలే నీడ దారి ఒకటి వేయమంటాను. పైన రేకు, పక్కన చెట్టు, ఫోర్క్‌లిఫ్టులు రాని దారి. భోజనం ముగించి పది నిమిషాలు అందులో నడిస్తే చాలు. మే నెలలో ఎండ నలభై దాటే ఊళ్ళో నీడ లేని వాకింగ్ ట్రాక్ పొద్దున ఎనిమిది తర్వాత ఎవరికీ ఉపయోగపడదు.

ఇక నిలబడే శరీరం. ప్యాకింగ్ లైనులో, గోదాములో, డిస్పాచ్ దగ్గర. ‘వాళ్ళు పొద్దస్తమానం కష్టపడుతూనే ఉంటారు, వాళ్ళకు మళ్ళీ వ్యాయామమెందుకు’ అని సూపర్‌వైజర్లే కాదు, కార్మికులూ అంటారు. కోపెన్‌హాగెన్‌లో లక్షా 4 వేల మందిని సుమారు పదేళ్ళు గమనించిన అధ్యయనం 2021లో వచ్చింది. తీరిక వేళ బాగా శ్రమించేవాళ్ళలో మరణాల ముప్పు తక్కువ. అందులో వింత లేదు. కానీ ఉద్యోగంలో చాలా ఎక్కువ శారీరక శ్రమ ఉన్నవాళ్ళలో మరణాల ముప్పు 27 శాతం ఎక్కువ. పొగతాగడం, చదువు, ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా. దీని మీద వాదన నడుస్తూనే ఉంది. నార్వేలో మగవాళ్ళ మీద జరిగిన పరిశీలన దీనికి వ్యతిరేకంగా చెప్పింది. అయినా ఆండ్రియాస్ హోల్టర్‌మన్ అనే పరిశోధకుడు చూపించిన కారణాలు ఏ కార్మికుడికైనా తన ఒంట్లో తెలిసేవే. గుండె బలపడాలంటే కాసేపు గట్టిగా కొట్టుకోవాలి, ఆ తర్వాత విశ్రాంతి దొరకాలి. ఎనిమిది గంటలు నిలబడి పెట్టెలు సర్దే పనిలో గుండె గట్టిగా కొట్టుకునేంత వేగమూ లేదు, తేరుకునేంత విరామమూ లేదు. రక్తపోటు మాత్రం రోజంతా కొంచెం ఎత్తులోనే ఉంటుంది. ఒకే భుజం, ఒకే నడుము, ఒకే వైపు మెలి.

కాళ్ళ సంగతి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. పాదాల దాకా దిగిన రక్తం మళ్ళీ గుండెకు చేరాలంటే పిక్కలు ముడుచుకుని దాన్ని పైకి తోయాలి. నడిచేటప్పుడు ఆ పని దానంతటదే జరుగుతుంది. కదలకుండా నిలబడితే పిక్కల పంపు ఆగిపోతుంది. రక్తం కింద నిలవ ఉండి సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి, చెప్పులు బిగుసుకుంటాయి, కొన్నేళ్ళకు నరాలు పైకి తేలుతాయి. ఈ మనిషికి విరుగుడు మడమలెత్తి దించడం. నిలబడ్డ చోటే, బల్లను పట్టుకుని ఇరవైసార్లు. గంటకొకసారి లైనులో చోటు మారడం. మధ్యలో రెండు నిమిషాలు కూర్చోవడం. నిలబడి పనిచేసేవాళ్ళకు వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి సీట్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. కూర్చోవడం కూడా ఒక శరీరానికి వ్యాయామమంత అవసరమని ఆ చట్టం రాసినవాళ్ళకు తెలుసు.

మూడోది జీనోమ్ వ్యాలీకే ప్రత్యేకమైన శరీరం. టీకాను సీసాల్లో నింపే స్టెరైల్ గదిలో మనిషి నెమ్మదిగా కదలాలి. చేతులు ఊపకూడదు, వేగంగా తిరగకూడదు. మన చర్మం నుంచి, బట్టల నుంచి నిమిషానికి లక్షల సూక్ష్మ కణాలు రాలుతాయి. కదలిక పెరిగిన కొద్దీ అవి పెరుగుతాయి. ఒక్క కణం మీద ఒక్క బాక్టీరియా సవారీ చేస్తే టీకా బ్యాచి మొత్తం పారబోయాల్సి రావచ్చు. అందుకే అక్కడ తల నుంచి కాలి దాకా గౌను, ముసుగు, కళ్ళద్దాలు, రెండు జతల గ్లవ్స్. ‘గంటకొకసారి లేచి తిరగండి’ అనే సలహా అక్కడ పనికిరాదు. బయటికి వస్తే గౌను విప్పాలి, మళ్ళీ మొదటి నుంచి కడుక్కుని, కొత్త గౌను తొడుక్కుని, ఎయిర్‌లాక్‌లు దాటుకుని లోపలికి వెళ్ళాలి. మంచినీళ్ళు తాగడానికే జంకే పరిస్థితి. అక్కడ కదలకపోవడం నేర్పు, కదలకపోవడమే భారం కూడా. వీళ్ళకు వ్యాయామం పెట్టగల చోటు ఒక్కటే: గౌనింగ్ గది గడప. లోపలికి వెళ్ళే ముందు ఆరేడు నిమిషాలు భుజాలు, మెడ, నడుము వదులు చేసే కదలికలు. చెమట పట్టేంతగా చేయకూడదు, ఎందుకంటే చెమటతో గౌను తొడగకూడదు. బయటికి వచ్చాక, గౌను విప్పి నీళ్ళు తాగాక, అసలు వ్యాయామం. బస్కీలు, గోడకు చేతులానించి దండీలు, వేగంగా నడక. వెనకటికి మన ఊళ్ళలో తాలింఖానాల్లో చేసినవే, ఏ యంత్రమూ అక్కర్లేనివి.

కొద్ది నిమిషాలతో ఏమవుతుందన్న సందేహం సహజమే. మెడ, భుజం నొప్పులున్న ఉద్యోగుల మీద డెన్మార్క్‌లో లార్స్ ఆండర్సన్ బృందం 2011లో ఒక ప్రయోగం ఫలితాలు వెల్లడించింది. సాగే రబ్బరు పట్టీని రెండు చేతులతో పట్టుకుని భుజాల ఎత్తుకు లేపడం, రోజుకు 2 నిమిషాలు. పది వారాలకు నొప్పి తగ్గింది. మూడు ఆస్పత్రుల్లో 200 మంది మహిళా సిబ్బందితో చేసి 2015లో ఫలితాలు ప్రచురించిన ప్రయోగం నాకింకా విలువైనదిగా అనిపిస్తుంది. ఒక జట్టును పని వేళల్లో, తోటివాళ్ళతో కలిసి వారానికి అయిదుసార్లు పదేసి నిమిషాలు చేయమన్నారు. ఇంకో జట్టును అంతే వ్యాయామం ఇంటి దగ్గర ఒంటరిగా చేసుకోమన్నారు. పది వారాల తర్వాత పనిచోట చేసినవాళ్ళలోనే నొప్పి ఎక్కువగా తగ్గింది, బలం ఎక్కువగా పెరిగింది.  ఆ తేడాలో పని వేళల సమయానికీ, పక్కన ఇంకో మనిషి ఉండటానికీ వాటా ఉందని నాకనిపిస్తుంది.

జపాన్‌లో ఈ కలిసి చేయడం 1928 నుంచి రేడియో పాటతో సాగుతోంది. కర్మాగారాల్లో షిఫ్టు మొదలయ్యే ముందు రేడియో తైసో సంగీతం పెట్టి అందరూ ఒళ్ళు వదులు చేసుకుంటారు. మన ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా పనిచోటే చేసుకునే అయిదు నిమిషాల యోగా విరామాన్ని, ‘వై-బ్రేక్’ పేరుతో, రూపొందించి 2021లో యాప్‌గా విడుదల చేసింది. మంచి ప్రయత్నం. కానీ అది కూర్చునే ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని చేసింది. ప్యాకింగ్ లైనులో అమ్మాయికీ, గోదాములో బస్తా మోసే అబ్బాయికీ అదొక్కటే సరిపోదు.

సమయం లెక్క చూద్దాం. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో శ్రమించాలని, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఓ మోస్తరు అంటే, చేస్తూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. ఒకేసారి కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్క అన్న పాత నిబంధనను అప్పుడే తీసేసింది. ముక్కలు ముక్కలుగా చేసినా కూడుతుంది. షిఫ్టు మొదట్లో 5 నిమిషాలు, భోజనం తర్వాత 10, చివర్లో 5. రోజుకు 20 నిమిషాలు, ఆరు రోజులకు 120. బస్సు దిగి ఇంటికి నడిచే అయిదు నిమిషాలు కాస్త చురుగ్గా నడిస్తే 150. ఎనిమిది గంటల షిఫ్టులో 20 నిమిషాలంటే నాలుగు శాతం చిల్లర. దీన్ని భోజన విరామంలోంచి కోసుకోకూడదు. అయిదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1948 నాటి ఆ ఫ్యాక్టరీల చట్టం ఆనాడే పెట్టింది. ఆ అరగంట తినడానికి, కూర్చోవడానికి. వ్యాయామానిది వేరే లెక్క, జీతం లెక్కలో.

ఎవరు చేయిస్తారన్నదీ ముఖ్యమే. బయటి నుంచి వచ్చే ట్రైనర్ నెల రోజులు నేర్పి వెళ్ళొచ్చు. ఆ తర్వాత లైనులోనే ఒకరిని, తోటివాళ్ళు ‘అక్కా’ అని పిలిచే మనిషిని, నాయకురాలిగా పెట్టాలి. సూపర్‌వైజరు పక్కన నిలబడి చూడకుండా వరుసలో కలవాలి. కాంట్రాక్టు, పర్మినెంటు అన్న తేడా ఉండకూడదు. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు, గర్భిణులకు కంపెనీ డాక్టరు ఏది చేయొచ్చో ఏది వద్దో ముందే చెప్పాలి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఖాళీ కడుపుతో చేయకూడదు. రాత్రి షిఫ్టులో, శరీరం బాగా చల్లబడి మత్తు కమ్మే మూడు నాలుగు గంటల వేళ, బరువైన వ్యాయామం కాకుండా వెలుతురులో నాలుగు అడుగులు వేయించాలి.

ఈ మనుషులందరినీ తెచ్చి దింపిన బస్సు, షిఫ్టు అయ్యేదాకా గేటు లోపల షెడ్డు పక్కన ఆగి ఉంటుంది. డ్రైవరు సీటు వెనక్కి వాల్చి పడుకుంటాడు, లేదంటే ఫోను చూసుకుంటాడు. చాలాచోట్ల ఆయన బస్సు కాంట్రాక్టరు మనిషి, కంపెనీ ఉద్యోగుల జాబితాలో పేరుండదు. లండన్ బస్సుల్లో మోరిస్ లెక్కపెట్టిన గుండెల్లో ఎక్కువ ముప్పు కనిపించింది ఈయన లాంటివాళ్ళ గుండెలకే. క్యాంటీన్ నుంచి వేసే ఆ నీడ దారిని ఇంకో వంద అడుగులు పొడిగించి, బస్సులు ఆగే షెడ్డు దాకా తీసుకువెళ్ళాలి.